కుందేటి కొమ్ము: ఆధారంలో "తిరిగి" అంటే తిరగబడటమేనా?

గత వారం నేను ఇక్కడ పెట్టిన గళ్ళ నుడికట్టులో 7 అడ్డానికి "లక్ష్మణకవి తిరిగి సాధించమన్నది ఒకటే, దీనికి ఉన్నవి రెండు (3)" అని ఆధారం ఇచ్చాను. "తిరిగి" అన్న మాట చూసి జవాబును వెనుకనుంచి నింపామనీ, దానితో నిలువు పదాలన్నీ చెడిపోయాయనీ బరంపురం నుంచి ఒకరు, రాయగడ నుంచి ఒకరు ఆక్షేపించారు.

జవాబు కుందేలు. ఏనుగు లక్ష్మణకవి భర్తృహరి నీతిశతకాన్ని తెలుగు చేస్తూ "తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు" అన్నాడు. ఇక్కడ తిరిగి అంటే మళ్ళీ అనీ కాదు, వెనక్కి అనీ కాదు. ఊళ్ళూ అడవులూ పట్టి తిరిగి అని. సంస్కృత మూలంలో ఆ చోట "పర్యటన్" అనే ఉంది కనుక ఇందులో సందేహానికి తావు లేదు. నుడికట్టుల్లో మాత్రం "తిరిగి", "తిరగబడి" కనిపిస్తే అక్షరాలను తలకిందులు చేయడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటునే నేను ఉచ్చుగా పన్నాను, అందుకు క్షమాపణ చెప్పను.

ఇక కొమ్ముల లెక్క, అంటే అక్షరానికి ఉకారం కోసం తగిలించే కొమ్ము గుర్తుల లెక్క. కుం, దే, లు అన్న మూడు గళ్ళలో మొదటి దానికి ఒకటి, చివరి దానికి ఒకటి, వెరసి రెండు కొమ్ములున్నాయి. అదే మాటకు ఔపవిభక్తికం (విభక్తికి ముందు వచ్చే "టి" వంటి అక్షరం) చేరి "కుందేటి" అయ్యేసరికి "లు" పోయి "టి" రావడంతో ఒక కొమ్ము రాలిపోతుంది, పద్యంలో మిగిలింది ఒక్కటే. కవి ఇది ఉద్దేశించాడని నేను అనను గానీ, కుందేటికి కొమ్ము లేదని వాదించే తెలుగువాడు ఆ మాటను కొమ్ము లేకుండా రాయలేడు కదా!

ఈ దృష్టితో చూస్తే మన జంతుజాలమంతా వింతగా కనిపిస్తుంది. ఏనుగుకు రెండు కొమ్ములు సరిగ్గా అమరాయి, రాయలసీమవారి ఎనుముకూ అంతే. కానీ అదే జంతువును గేదె అన్నా బర్రె అన్నా కొమ్ములు మాయమవుతాయి. గుర్రానికీ కుక్కకూ కొమ్ములు మొలిచాయి, జింకకు మాత్రం గుడీ సున్నా తలకట్టూ తప్ప ఏమీ దక్కలేదు. ఖడ్గమృగం సంగతి మరీ అన్యాయం, ఉన్న ఒక్క కొమ్మూ రాతలో పోయింది. మేకకు కొమ్ము తగిలిస్తే మేకు అవుతుంది కనుక "కొమ్ము మొలిచిన మేకను గోడకు కొట్టారు (2)" అన్నది నాకు నచ్చిన ఆధారం.

అయితే మా పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివే పిల్లలకు ఈ చమత్కారం వెంటనే అందదు. వారు దీన్ని హ్రస్వ ఉకారమని నేర్చుకుంటారు. పైగా ఒడియాలో ఆ గుర్తు అక్షరానికి అడుగున వేలాడుతుంది. మా పక్కింటి అబ్బాయి దాన్ని చూపించి, ఇది కొమ్మెలా అవుతుంది, తోక కదా అన్నాడు. అందువల్ల మన బృందంలో చిన్నవారికి నుడికట్టు ఇచ్చేటప్పుడు తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం అన్న పేర్లను ముందుగా చెప్పడం మంచిది.

ఒక తప్పు మాత్రం ఒప్పుకుంటాను, అది ఆక్షేపించిన ఇద్దరూ పట్టుకోనిది. కవి సాధింపవచ్చునన్నాడే గానీ సాధించమనలేదు. మూర్ఖుల మనసు రంజింపజేయడం కంటే అదైనా సాధ్యమేనని చెప్పడానికి తెచ్చిన అసంభవాన్ని నేను ఆజ్ఞగా మార్చేశాను. ఆధారాన్ని "లక్ష్మణకవి తిరిగి సాధింపవచ్చునన్నది ఒకటే, దీనికి ఉన్నవి రెండు" అని దిద్దుకోవలసిందిగా కోరుతున్నాను.

ఈ వారం 3 నిలువు: "గుడి వదిలిన కోతితో చేను ఖాళీ (2)". ఇందులో తిరగబడేది ఏమీ లేదు.