మా బాబుకి మోషన్ గట్టిగా వస్తోంది, ఏం పెట్టాలి?

గాజువాక అమ్మ:
మా వాడికి మూడేళ్లు. మూడు నాలుగు రోజులకోసారి వెళ్తున్నాడు, అదీ ఏడుస్తూ. నొప్పికి భయపడి తలుపు చాటున నిలబడి బిగబట్టేస్తున్నాడు. అన్నం నాలుగు ముద్దలే, పాలు మాత్రం రోజుకి నాలుగు గ్లాసులు. తిండితో తగ్గుతుందా? టెన్షన్‌గా ఉంది.

ఎంవీపీ కాలనీ అమ్మమ్మ:
ఆ పాలు తగ్గించమ్మా ముందు! మా మనవరాలికీ ఇదే గొడవ. పాలతో పొట్ట నిండితే కూరకి చోటెక్కడిది? రెండు చిన్న గ్లాసులకి దించాం. రైతుబజార్ నుంచి తోటకూర, బొప్పాయి తెచ్చేదాన్ని. తోటకూర పప్పులో మెత్తగా మెదిపేస్తే ఆకు కనిపెట్టలేకపోయింది దొంగపిల్ల. రాత్రి పది కిస్‌మిస్‌లు నానబెట్టి, పొద్దున్నే చిదిమి ఆ నీళ్లతో సహా పట్టేదాన్ని. దారిన పడటానికి రెండు వారాలు పట్టింది. ఆముదం మాత్రం పట్టకు, మా కాలం వేరు.

సీతమ్మధార నాన్న:
నీళ్లు కూడా చూడండి. మన వైజాగ్ ఉక్కకి ఒంట్లో నీరంతా చెమటకే పోతుంది. భోజనమయ్యాక కాళ్ల కింద పీట వేసి ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. వెళ్లకపోయినా తిట్టకండి.

గాజువాక అమ్మ:
జామపండు పెట్టొచ్చా అమ్మమ్మగారూ?

ఎంవీపీ కాలనీ అమ్మమ్మ:
బాగా పండింది చూసి, గింజలు తీసి పెట్టు. రక్తం పడినా, వాంతులైనా, పొట్ట ఉబ్బినా ఇవన్నీ పక్కన పెట్టి పిల్లల డాక్టర్‌కి చూపించు. ఆయన సిరప్ రాస్తే వెయ్యి, మొహమాటపడకు.