ఫిరంగి బ్యాడ్జి మీద ‘సర్వత్ర’ ఎందుకు? కిరీటం చూసి కాలం చెప్పడం ఎలా?

ఇత్తడిబిళ్ళ:
రెండు టోపీ బ్యాడ్జీలు. రెండింటి మీదా చక్రాల ఫిరంగే. ఒకదానికి పైన కిరీటం, లాటిన్ రాత. రెండోదానికి నక్షత్రం, ‘సర్వత్ర’, అడుగున ‘ఇజ్జత్-ఓ-ఇక్బాల్’. రెండోది భారత సైన్యం ఆర్టిలరీ (ఫిరంగి దళం) రెజిమెంటుది. ‘సర్వత్ర’కి మూలం ఏమిటి? కిరీటం ఉన్నది ఏ కాలానిదో ఎలా తేల్చాలి? ఫిరంగి దళంవాళ్లు (గన్నర్లు) జరుపుకునే గన్నర్స్ డే సెప్టెంబర్ 28నే ఎందుకు?

గోలందాజు:
మూలం ‘యుబిక్’ అనే లాటిన్ మాట. అంతటా అని అర్థం. బ్రిటిష్ రాయల్ ఆర్టిలరీకి 1832లో రాజు నాలుగో విలియం ఇచ్చిన మాట. ప్రతి యుద్ధంలోనూ ఫిరంగులు ఉంటాయి, మిగతా రెజిమెంట్లలా అన్ని పేర్లూ జెండా మీద రాయలేరు కాబట్టి యుద్ధాల పేర్ల బదులు ఆ ఒక్క మాట. అసలు గన్నర్లకి జెండా లేదు, ఫిరంగే వాళ్ల జెండా. దాన్ని శత్రువుకి వదిలేయడాన్ని జెండా పోగొట్టుకున్నంత అవమానంగా చూస్తారు. మన దగ్గర యుద్ధంలో రాణించిన యూనిట్లకి ‘ఆనర్ టైటిల్’ (గౌరవ బిరుదు) ఇస్తారు, 108 మీడియం రెజిమెంటుకి ‘కార్గిల్’ అలా వచ్చిందే.

బ్యాడ్జి మీది ఫిరంగి 1870ల నాటి 9 పౌండర్, అంటే 9 పౌన్ల గుండు పేల్చేది. చక్రం పక్కన కర్ర కనిపిస్తుంది చూడండి, అది మందూ గుండూ గొట్టం మూతి నుంచి కూరే దట్టింపు కర్ర.

సెప్టెంబర్ 28 సంగతి: 1827లో ఆ రోజున బొంబాయి ఫుట్ ఆర్టిలరీ గోలందాజు (భారతీయ ఫిరంగి సిపాయిల) బెటాలియన్‌లో 8వ కంపెనీ పుట్టింది. అదే తర్వాత 5వ (బొంబాయి) మౌంటెన్ బ్యాటరీ, ఇప్పుడు 57 ఫీల్డ్ రెజిమెంటులో ఉంది. 1857 తర్వాత భారతీయుల చేతికి ఫిరంగులివ్వడానికి బ్రిటిష్‌వాళ్లు జంకి, కొన్ని కొండ బ్యాటరీలు తప్ప దాదాపు అన్నిటినీ రద్దు చేశారు. ఇది మిగిలింది. భారతీయ సిపాయిలతో ఫీల్డ్ (మైదాన) ఫిరంగుల యూనిట్ మళ్లీ లేచింది 1935 జనవరి 15న, బెంగళూరులో.

నక్షత్రం:
కిరీటం పోయి నక్షత్రం వచ్చింది 1947లో కదా? అయితే కిరీటం ఉన్నదల్లా అంతకు ముందుదే.

గోలందాజు:
కాదండి. 1947 ఆగస్టు నుంచి 1950 జనవరి 26 దాకా మనది డొమినియన్, అంటే స్వతంత్రమే అయినా బ్రిటిష్ రాజే దేశాధినేత. కిరీటమూ, 1945లో చేరిన ‘రాయల్’ అనే మాటా గణతంత్రం వచ్చేదాకా ఉన్నాయి.

చక్రధారి:
బ్రిటిష్ బ్యాడ్జికైతే కిరీటం కమానులే గుర్తు. గుండ్రంగా, ఉబ్బి ఉంటే ట్యూడర్ కిరీటం, 1901 తర్వాత రాజులది. నడుమ పల్లంగా దిగితే సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం, ఎలిజబెత్ రాణి కాలానిది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, మోసపోతారు. 2022లో మూడో చార్లెస్ మళ్లీ ట్యూడర్ కిరీటాన్నే ఎంచుకున్నాడు. కాబట్టి ట్యూడర్ కిరీటమే ఉన్నా, లోహం ఇత్తడి కాక బంగారు మెరుపుతో తేలిగ్గా ఉన్న అనోడైజ్డ్ అల్యూమినియమైతే అది దాదాపుగా కొత్తదే.

తిప్పి చూడండి. డై (అచ్చు) కింద కొట్టిన దానికి ముందున్న బొమ్మే వెనక గుంటగా కనిపిస్తుంది. వెనక చదునుగా, సన్నటి రంధ్రాలతో ఉంటే పోత పోసిన నకలు. అంచుల్లో అక్షరాలు మొద్దుబారడం మరో ఆనవాలు.

‘యుబిక్’ స్థానంలో ఆకుల రెమ్మ ఉంటే కంగారు పడొద్దు, అది బ్రిటిష్ టెరిటోరియల్ (పార్ట్‌టైమ్ వాలంటీర్ల) ఆర్టిలరీది. మొదట్లో వాళ్లకి ఆ మాట వాడే హక్కు లేదు.

నక్షత్రం:
ఫిరంగి లేకుండా ‘సర్వత్ర’ ఒక్కటే ఉంటే?

శాపర్:
అది మాదే! సైన్యంలో ఇంజనీర్ల (శాపర్ల) నినాదం కూడా ‘సర్వత్ర’. రాయల్ ఇంజనీర్స్‌కీ ‘యుబిక్’ 1832లోనే వచ్చింది, మనకి అక్కడి నుంచే. ఫిరంగుల వాళ్లకైతే ‘అంతటా’ అని, ఇంజనీర్లకైతే ‘చెల్లాచెదురుగా’ అని దాని అర్థమట, గన్నర్ల పాత జోకు. బ్రిటిష్ కాలరు బ్యాడ్జీల్లో గ్రెనేడ్ మంటలు లెక్కపెట్టండి: ఏడైతే ఆర్టిలరీ, తొమ్మిదైతే ఇంజనీర్లు.