డబ్బు ట్రైనింగ్‌కి పెట్టాలా, అడ్వైజర్లకి పెట్టాలా? కమ్యూనిటీ కాలేజీల్లో చెప్పేవాళ్ళు, చదివేవాళ్ళు మీ మాట చెప్పండి

ఓరుగల్లు_డాలస్

అందరికీ నమస్తే. డాలస్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో ఆరేళ్ళుగా సాయంత్రం పూట లెక్కలు చెప్తున్నాను. పగలు వేరే ఉద్యోగం. పార్ట్‌టైమ్ అన్నమాట, ఇక్కడ అడ్జంక్ట్ అంటారు.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. కమ్యూనిటీ కాలేజీలు ప్రభుత్వ డబ్బుతో నడిచే రెండేళ్ళ కాలేజీలు. మొదటిది 1901లో ఇల్లినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో పెట్టారు. ఎంట్రన్స్ లేదు, ర్యాంకు లేదు. హైస్కూల్ అయిపోయిన ఎవరైనా చేరొచ్చు, యూనివర్సిటీ కంటే ఫీజు చాలా తక్కువ. ఇక్కడ రెండేళ్ళు చదివి, పాసైన కోర్సులకి వచ్చే క్రెడిట్లతో యూనివర్సిటీకి మారొచ్చు. బాధ ఎక్కడంటే, చేరినవాళ్ళలో సగం మంది కూడా మూడేళ్ళలో డిగ్రీ పూర్తి చేయరు. నా క్లాసులో 30 మంది మొదలుపెడితే ఆఖరి పరీక్షకి ఎంతమంది మిగులుతారా అని ప్రతి సెమిస్టర్ టెన్షన్ పడుతుంటాను.

మా కాలేజీలో కొంత డబ్బు వచ్చింది. కమిటీ ముందు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఒకటి, బయటి నుంచి వక్తని పిలిపించి టీచర్లందరికీ రెండు రోజుల తప్పనిసరి ట్రైనింగ్. రెండోది, ఇద్దరు కొత్త అడ్వైజర్లు, అంటే విద్యార్థులకి చదువులోనూ ఇబ్బందుల్లోనూ దారి చూపేవాళ్ళు. పార్ట్‌టైమ్ వాళ్ళ తరఫున కమిటీలో ఉన్నది నేనొక్కడినే. గురువారం నా మాట చెప్పాలి.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ట్రైనింగ్ కావాలి. కానీ ఆ రెండు రోజుల రకం వద్దు.

గోదారమ్మాయి_ఒహాయో

అన్నా, నేను అడ్వైజర్‌ని కాబట్టి నా ఓటు ఎటో మీకు తెలిసిపోయే ఉంటుంది. కానీ నా ఉద్యోగం కోసం అనట్లేదు, రుజువు ఉంది కాబట్టి అంటున్నాను.

న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ వాళ్ళు 2007లో తమ కమ్యూనిటీ కాలేజీల్లో ఆసాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. విద్యార్థి ఫుల్‌టైమ్ చదవాలి, అడ్వైజర్‌ని తరచూ కలవాలి. బదులుగా ఫీజులో తక్కువ పడింది కాలేజీ కడుతుంది, పుస్తకాలు ఇస్తుంది, సబ్‌వే కార్డు ఉచితంగా ఇస్తుంది. ఒక్కో అడ్వైజర్‌కి 60 నుంచి 80 మంది విద్యార్థులే. లాటరీ తీసి కొందరిని ఇందులో పెట్టి, మిగతావాళ్ళతో పోల్చి చూశారు. మూడేళ్ళలో డిగ్రీ చేతికొచ్చింది ఇందులో ఉన్నవాళ్ళకి 40 శాతం, లేనివాళ్ళకి 22 శాతం. తర్వాత మా ఒహాయోలో మూడు కాలేజీల్లో అదే పద్ధతి పెడితే 35, 19 వచ్చింది. ఊరు మారినా పని చేసిందన్నమాట. ఇంత గట్టి రుజువు ఉన్న టీచర్ ట్రైనింగ్ ఒక్కటి చూపించండి, నేను ఓటు మార్చుకుంటాను.

నా దగ్గరికి వచ్చేవాళ్ళు లెక్కలు రాక మానేయరు అన్నా. కారు బ్యాటరీ పోయి మానేస్తారు. ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏ అనే ప్రభుత్వ ఆర్థిక సాయం ఫారంలో నాన్న సంతకం కావాలి, ఆయన ఎక్కడున్నాడో తెలియదు, అందుకని మానేస్తారు. క్లాసులో ఎంత బాగా చెప్పినా ఆ పిల్ల క్లాసు దాకా రావాలి కదా.

బేఏరియా_మూడుకాలేజీలు

తప్పనిసరి ట్రైనింగ్ అన్న మాట వినగానే నాకు కడుపు మండుతుంది. ఎందుకో చెప్తాను.

కాలిఫోర్నియాలో పార్ట్‌టైమ్ వాళ్ళకి ఒక కాలేజీ జిల్లాలో (ఒక ప్రాంతపు కమ్యూనిటీ కాలేజీలని నడిపే సంస్థ) ఫుల్‌టైమ్ పనిలో 67 శాతానికి మించి ఇవ్వకూడదని చట్టం. అందుకని మూడు చోట్ల చెప్తూ వారమంతా ఫ్రీవే మీదే ఉంటాను. మూడు ఐడీ కార్డులు, మూడు ఈమెయిళ్ళు. ట్రైనింగ్ ఎప్పుడూ పెట్టేది పగలు, నేను ఇంకో కాలేజీలో ఉండే టైమ్‌లో. వెళ్తే అక్కడి క్లాసు పోతుంది, వెళ్ళకపోతే "ఆసక్తి లేదు" అని రాస్తారు. ఒక చోట ఆ గంటలకి జీతం అడిగితే, అది మీ వృత్తి పట్ల మీ బాధ్యత అన్నారు.

ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ అధ్యయన కేంద్రం 2014లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో కమ్యూనిటీ కాలేజీ క్లాసుల్లో దాదాపు 58 శాతం చెప్తున్నది మాలాంటి పార్ట్‌టైమ్ వాళ్ళే. సగానికి పైగా క్లాసులు మా చేతిలో పెట్టి, నేర్పడానికి మాత్రం మమ్మల్ని లెక్కలోకి తీసుకోకపోతే ఎలా?

అయినా ట్రైనింగ్ వద్దనను. 2017లో మా రాష్ట్రంలో ఏబీ 705 చట్టం వచ్చింది. అంతకుముందు, ఎవరు ఏ స్థాయి క్లాసులో చేరాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్షలో తక్కువ వస్తే క్రెడిట్ రాని రెమెడియల్ క్లాసుల్లో (స్కూలు పాఠాలే మళ్ళీ చెప్పేవి) ఏడాది, రెండేళ్ళు కూర్చోవాల్సి వచ్చేది. చాలామంది అక్కడే ఆగిపోయేవారు. ఇప్పుడు హైస్కూల్ మార్కులు చూసి నేరుగా అసలు కోర్సులోకి పంపుతున్నారు. మొదటి ఏడాదిలోనే లెక్కలు గట్టెక్కేవాళ్ళ సంఖ్య బాగా పెరిగింది, అది మంచిదే. కానీ ఒకే గదిలో కాలిక్యులస్‌కి సిద్ధంగా ఉన్నవాడూ ఉంటాడు, భిన్నాలు మర్చిపోయినవాడూ ఉంటాడు. అలాంటి గదిలో ఎలా చెప్పాలో ఆ మొదటి సెమిస్టర్‌లో మాకు ఎవరూ చెప్పలేదు. కాలిఫోర్నియా యాక్సిలరేషన్ ప్రాజెక్టు అని టీచర్లే 2010లో పెట్టుకున్న బృందం ఒకటి ఉంది. వాళ్ళ వర్క్‌షాపులకి నా ఖర్చుతో వెళ్ళి నేర్చుకున్నాను. ఉపయోగపడింది. అందుకే నా కోపం ట్రైనింగ్ మీద కాదు, అది పెట్టే తీరు మీద.

గుంటూరు_మాస్టారు

రిటైరై ప్రస్తుతం మా అబ్బాయి దగ్గర న్యూజెర్సీలో ఉంటున్నాను. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. మన దగ్గర యూజీసీ 1987 నుంచి అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. ఓరియంటేషన్ కోర్సు, రిఫ్రెషర్ కోర్సు చేస్తేనే ప్రమోషన్. నేనూ చేశాను. కొన్ని ఉపన్యాసాలు మంచివి, చాలావరకు హాజరు కోసం కూర్చున్నవే. సర్టిఫికెట్ సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కింది, నా పాఠం మాత్రం మారలేదు.

నా పాఠం మారింది ఒకే ఒక్కసారి. కెమిస్ట్రీ చెప్పే సహోద్యోగి ఏదో పని మీద వచ్చి నా క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాడు. బయటికొచ్చాక, "మాస్టారూ, మీరు 'అర్థమైందా' అని పదకొండుసార్లు అడిగారు. ఒక్కసారి కూడా జవాబు కోసం ఆగలేదు" అన్నాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళ సర్వీసు. మర్నాటి నుంచి ఆగడం నేర్చుకున్నాను. ఓరుగల్లు బాబూ, మీ కమిటీలో ఈ మాట చెప్పి చూడు.

హ్యూస్టన్_ఫిజిక్స్

నేను ఫుల్‌టైమ్‌లో ఉన్నాను. ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఎత్తుతాను. టెక్సస్‌లో 2023లో హౌస్ బిల్ 8 అనే చట్టం వచ్చాక కాలేజీకి వచ్చే రాష్ట్ర నిధులు ఎంతమంది చేరారన్న దాని మీద కాకుండా, ఎంతమంది సర్టిఫికెట్ తీసుకున్నారు, ఎంతమంది యూనివర్సిటీకి మారారు అన్న దాని మీద ఆధారపడుతున్నాయి. అప్పటి నుంచి ట్రైనింగ్‌లో "స్టూడెంట్ సక్సెస్" అన్న మాట వినపడినప్పుడల్లా నాకు ఒకటే భయం. పైకి చెప్పకపోయినా, పాస్ చేయించండి అనే కదా అర్థం? ఫిజిక్స్ రాకుండా పాసైన పిల్లవాడు రేపు యూనివర్సిటీ ఇంజినీరింగ్‌లో మొదటి సెమిస్టర్‌లోనే కూలబడతాడు. అప్పుడు వాడికి మనం చేసింది మేలా?

అకౌంటింగ్_అమ్మ

మీరందరూ చెప్పేవాళ్ళు. నేను చదివినదాన్ని. కాస్త నా మాట కూడా వినండి.

హెచ్-4 మీద వచ్చాను, అంటే మా ఆయన వీసా మీద ఆధారపడే వీసా. ఎనిమిదేళ్ళు ఇంట్లోనే. పాప స్కూలుకి వెళ్ళడం మొదలయ్యాక దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్‌లో చేరాను. సిలబస్‌లో "ఆఫీస్ అవర్స్, మంగళవారం 3 నుంచి 4" అని ఉంది. అంటే ఆ గంట మేడమ్ ఆఫీసు పనిలో ఉంటారు కాబోలు, కదిలించకూడదు అనుకున్నాను. నిజంగా. అది విద్యార్థులు వచ్చి సందేహాలు అడగడానికి పెట్టిన గంట అని తెలియదు. సెమిస్టర్ మొత్తం ఆ టైమ్‌లో ఆ వరండా వైపు వెళ్ళలేదు. మొదటి పరీక్షలో 54 వచ్చాయి. ఆ రోజు పార్కింగ్‌లో కారులో కూర్చుని మా ఆయనకి ఫోన్ చేసి, ఇక మానేస్తానండీ అన్నాను. ఫీజు కట్టేశాం కదా అని ఆయన అనబట్టి ఎలాగో లాక్కొచ్చాను.

తర్వాతి సెమిస్టర్‌లో ఇంకో సార్. మొదటి రెండు వారాల్లో ప్రతి ఒక్కరూ వచ్చి పది నిమిషాలు మాట్లాడి వెళ్ళాలి, దానికి హోంవర్క్ మార్కులు ఉన్నాయి అన్నారు. వెళ్ళాను. నా పేరు అడిగి, రెండుసార్లు పలికి, సరిగ్గా అన్నానా అని అడిగారు. ఈ కోర్సు అయ్యాక ఏం చేయాలనుకుంటున్నావు అన్నారు. ఇంటికొచ్చి వంట చేస్తూ దాని గురించే ఆలోచించాను. ఎనిమిదేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆ కోర్సులో నాకు ఏ గ్రేడ్ (అన్నిటికంటే పైది) వచ్చింది. పరీక్షలు మాత్రం మొదటి మేడమ్ పెట్టినవాటి కంటే కష్టంగానే ఉన్నాయి, హ్యూస్టన్ గారూ.

ఓరుగల్లు_డాలస్

అక్కా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను.

మీ సార్ చేసింది టెక్సస్‌లోని ఒడెస్సా కాలేజీ టీచర్లందరితో చేయించింది. అక్కడ డ్రాప్ అయ్యేవాళ్ళు ఎక్కువగా ఉన్నారని చూసి, ఎవరి క్లాసుల్లో తక్కువ డ్రాప్ అవుతున్నారో వాళ్ళని గమనించారు. ఒక్కొక్కరు ఒక్కోలా పాఠం చెప్తున్నారు, పద్ధతిలో పోలికే లేదు. పోలిక ఉన్నది పిల్లలతో ఉండే తీరులో. పేరు పెట్టి పిలవడం, మొదట్లోనే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం, వెనకబడితే వెంటనే పట్టుకోవడం, నియమాలు గట్టిగా పెట్టి అవసరమైనప్పుడు కొంచెం సడలించడం. ఈ నాలుగూ పాటిస్తామని పార్ట్‌టైమ్ వాళ్ళతో సహా అందరి దగ్గరా మాట తీసుకున్నారు. డ్రాపులు బాగా తగ్గాయి. గోదారమ్మాయి గారూ, ఇది మీరు చెప్పినట్టు లాటరీ తీసి చేసిన పరీక్ష కాదు, ఒప్పుకుంటాను. కానీ పెద్ద ఖర్చు లేనిది. ఆసాప్‌కి మూడేళ్ళలో ఒక్కో విద్యార్థికి అదనంగా దాదాపు 16,000 డాలర్లు అయింది. మా దగ్గర ఉన్న డబ్బు ఇద్దరు అడ్వైజర్లకి సరిపోతుంది, ఆసాప్‌కి కాదు.

నా క్లాసు సంగతి కూడా చెప్తాను. నేను హోంవర్క్ ఇలా ఇచ్చేవాణ్ణి: "సెక్షన్ 4.2, 1 నుంచి 31 దాకా బేసి లెక్కలు." అంతే. రెండేళ్ళ కిందట మేం నలుగురం టీచర్లం పదిహేను రోజులకోసారి కలిసి, ఒకరి కాగితాలు ఒకరం చూసుకోవడం మొదలుపెట్టాం. అందులో ఒకావిడ నా కాగితం చూసి, "ఇది ఎందుకు చేయాలో పిల్లలకి ఎక్కడ రాశారు?" అంది. మేరీ-ఆన్ వింకెల్‌మీస్ అనే అధ్యాపకురాలు ప్రచారం చేసిన పద్ధతి ఒకటి ఉంది: ఎందుకు, ఏం చేయాలి, ఎలా దిద్దుతాం అనే మూడూ ముందే రాసివ్వడం. అలా మార్చాను. లెక్కలు ఎనిమిదికి తగ్గించాను. "ఎక్కడ ఆగిపోయారో అక్కడ అడ్డగీత గీసి, ఏం అర్థం కాలేదో ఒక్క వాక్యం రాయండి" అన్నాను.

మొదటిసారి వచ్చిన కాగితాలు వంటింటి బల్ల మీద పరిచి చూస్తే, చాలావాటిలో గీత ఒకే చోట ఉంది. బ్రాకెట్ బయట మైనస్ ఉన్న చోట. లోపలి గుర్తులన్నీ మారాలన్నది వాళ్ళకి తెలియదు. నాలుగేళ్ళుగా నేను ఆ మెట్టు ఒక్క లైనులో దాటించేసి ముందుకి పోతున్నాను. వాళ్ళు సోమరులని కూడా ఒకటి రెండుసార్లు మనసులో అనుకున్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

హ్యూస్టన్ గారూ, మీ భయం సరైనదే. అందుకే మేం నలుగురం ఆఖరి పరీక్ష ఒకటే పెట్టుకుని, ఒకరి పేపర్లు ఒకరం దిద్దుతున్నాం. అలాంటప్పుడు ఉదారంగా మార్కులు వేసే అవకాశం ఉండదు.

హ్యూస్టన్_ఫిజిక్స్

ఉమ్మడి పరీక్ష ఉంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ షరతు కాగితం మీద రాయించండి. నిధులు తగ్గిన ఏడాది మొదట పోయేది అదే.

గోదారమ్మాయి_ఒహాయో

బ్రాకెట్ మైనస్ సంగతి చదివాక కొంచెం మెత్తబడ్డాను. పూర్తిగా కాదు. ఇద్దరు అడ్వైజర్లు వచ్చినా ఒక్కొక్కరికీ వందల మంది విద్యార్థులు ఉంటారు, అది ఆసాప్ కాదు అన్నది నిజమే. కానీ మీ పది నిమిషాల మీటింగ్‌లో పిల్ల "మా ఇంటి అద్దె కట్టలేదు" అంటే మీరేం చేస్తారు? ఆ పిల్లని ఎవరి దగ్గరికి పంపాలో తెలియాలి, పంపితే అక్కడ మనిషి ఉండాలి. నాకు టీచర్ల నుంచి హెచ్చరిక వచ్చేది సగం సెమిస్టర్ అయిపోయాక. అప్పటికి ఆ పిల్ల ఫోన్ నంబర్ కూడా మారిపోయి ఉంటుంది. ట్రైనింగ్ పెడితే అందులో అడ్వైజర్‌ని కూర్చోబెట్టండి. మూడో వారంలోపు నాకు కబురు రావాలి. ఈ రెండూ ఉంటే మీ వైపు ఉంటాను. తప్పనిసరి అన్న మాటకి మాత్రం నేను కూడా వ్యతిరేకమే.

ఓరుగల్లు_డాలస్

గురువారం ఇలా అడుగుతాను. రెండు రోజుల వక్త వద్దు. ఆ డబ్బుతో ఒక అడ్వైజర్‌ని పెట్టండి. మిగిలినదానితో నలుగురైదుగురు టీచర్ల బృందాలు, సెమిస్టర్ పొడుగునా కలిసేవి. ప్రతి బృందంలో పార్ట్‌టైమ్ వాళ్ళు ఉండాలి, ఒక అడ్వైజర్ ఉండాలి, ఒకరి క్లాసులో ఒకరు కూర్చోవాలి. ఇష్టమున్నవాళ్ళతోనే మొదలుపెట్టాలి. ఉమ్మడి పరీక్ష షరతు కాగితం మీద ఉంటుంది. మా దగ్గర పన్నెండో క్లాసు రోజున అధికారికంగా హాజరు లెక్క తీస్తారు, ఆ లోపే ప్రతి విద్యార్థితో పది నిమిషాలు మాట్లాడటం అయిపోవాలి.

బేఏరియా_మూడుకాలేజీలు

అన్నా, 30 మందికి పదేసి నిమిషాలంటే ఒక్కో సెక్షన్‌కి ఐదు గంటలు. ఆ ఐదు గంటలకి పార్ట్‌టైమ్ వాళ్ళకి జీతం అని ఆ కాగితం మీద రాయించు. నోటిమాటగా ఒప్పుకుని రాకు.