రయన్ లీఫ్ రెండో జీవితం: అతని మాటకు వేదిక ఇవ్వవచ్చా?

పడమటిగాలి:
అమెరికన్ ఫుట్‌బాల్ చూసే మన సభ్యులను ఒక ప్రశ్న అడుగుతున్నాను. 1998 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళను వృత్తి జట్లు వరుసగా ఎంచుకునే కార్యక్రమంలో) పేటన్ మానింగ్ తరువాత రెండో స్థానంలో ఎంపికైన క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి జట్టు ఆటను నడిపేవాడు) రయన్ లీఫ్, శాన్ డియాగో చార్జర్స్‌తో మూడు కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం కుదుర్చుకుని కూడా 2002లో, 26 ఏళ్ళకే ఆట మానేశాడు. ఆ తరువాత నొప్పి మాత్రలకు బానిసయ్యాడు. 2012లో మోంటానా రాష్ట్రంలోని తన సొంత ఊరు గ్రేట్ ఫాల్స్‌లో, మాత్రల కోసం ఇళ్ళలోకి చొరబడిన కేసులో శిక్ష పడింది. 2014 డిసెంబరులో విడుదలైనప్పటి నుంచి వ్యసనం గురించి నలుగురిలో మాట్లాడుతున్నాడు, టీవీ వ్యాఖ్యాతగానూ పనిచేశాడు. అతనికి ఆ వేదికలు దక్కడం సబబేనని నా అభిప్రాయం. మీరేమంటారు?

నల్లరేగడి:
మొదట ఆట లెక్క తేలాలి. డ్రాఫ్ట్ వరుసలో మూడో స్థానంలో ఉన్న చార్జర్స్ జట్టు ఒక్క స్థానం పైకి జరగడానికి అరిజోనా జట్టుకు మరుసటి ఏడాది మొదటి రౌండ్ ఎంపికను, ఒక రెండో రౌండ్ ఎంపికను, ఇద్దరు ఆటగాళ్ళను వదులుకుంది. తొలి రెండు మ్యాచ్‌లు గెలిచారు, కాదనను. మూడో మ్యాచ్‌లో కాన్సస్ సిటీ మీద అతను విసిరిన 15 పాస్‌లలో ఒక్కటే అందింది, దక్కినవి 4 గజాలు. మరునాడు లాకర్ రూములో విలేకరి మీద విరుచుకుపడ్డాడు. ఆడిన కాలం మొత్తం మీద 14 టచ్‌డౌన్‌లు (స్కోరు తెచ్చిన పాస్‌లు), 36 ఇంటర్‌సెప్షన్‌లు (ప్రత్యర్థుల చేతికి చిక్కిన పాస్‌లు). ఇంత అవకాశాన్ని కాలదన్నుకున్నవాడు ఇతరులకు ఏం చెబుతాడు?

మైదానం:
నల్లరేగడి గారూ, 1997లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం జట్టును 67 ఏళ్ళ తరువాత రోజ్ బౌల్ అనే పేరున్న కాలేజీ మ్యాచ్‌కు చేర్చినవాడు కూడా ఇతనే కదండీ. ఆ ఏడాది ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ బహుమతి ఓటింగులో మూడోవాడు. 1999 సీజన్ మొత్తం భుజం గాయంతో పోయింది.

నల్లరేగడి:
గాయం 1999లో. నేను చెప్పినది 1998 గురించి. ఆ సీజన్‌లో 2 టచ్‌డౌన్‌లు, 15 ఇంటర్‌సెప్షన్‌లు.

కృష్ణాతీరం:
అడిగినది ఆట గురించి కాదు, ఆట తరువాత జీవితం గురించి.

మైదానం:
ఆ రెండూ వేరు కావు. 22 ఏళ్ళ కుర్రవాడిని ఒక నగరం మొత్తం ఆశలకు బాధ్యుణ్ణి చేసి, గాయపడితే నొప్పి తెలియకుండా చేసి మళ్ళీ మైదానంలోకి దింపే పద్ధతి ఆ జట్లు ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లో ఉండేదని, 2014లో రిచర్డ్ డెంట్ తదితర మాజీ ఆటగాళ్ళు కోర్టుకెక్కారు. లీఫ్ ఆ దావాలో ఉన్నాడని నేను అనడం లేదు. అయితే ఆ మాత్రలు ఒంటి నొప్పికన్నా మనసులోని అవమానాన్ని మరిపించాయని అతనే చెప్పుకున్నాడు. లీగ్ బాధ్యతను పక్కన పెట్టి ఒక్క మనిషినే దోషిగా నిలబెట్టడం అన్యాయం.

నల్లరేగడి:
లీగ్ అతన్ని ఇతరుల ఇళ్ళలోకి పంపలేదు. టెక్సస్‌లో ఒక విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్‌లకు శిక్షకుడిగా పెట్టుకుంటే, 2008లో తన దగ్గర శిక్షణ పొందే కుర్రవాడినే నొప్పి మాత్ర అడిగి ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2010లో అక్కడి కోర్టు మాత్రల కేసులో జైలుకు పంపకుండా పదేళ్ళ ప్రొబేషన్ ఇచ్చి వదిలింది. అయినా రెండేళ్ళకు గ్రేట్ ఫాల్స్‌లో మళ్ళీ అదే పని. చికిత్సా కేంద్రంలో ఉంచితే అక్కడి సిబ్బందిని బెదిరించాడని జైలుకు మార్చారు. ఎన్నిసార్లు మన్నించాలి?

పడమటిగాలి:
ఆ జైలులోనే జరిగిన సంగతి కూడా చెప్పాలి. గది దాటి బయటికి రాకుండా ముడుచుకుని ఉన్నవాణ్ణి, ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలు చూసివచ్చిన తోటి ఖైదీ నిలదీసి, గ్రంథాలయానికి తీసుకువెళ్ళి, చదువు రాని ఖైదీలకు చదవడం నేర్పించే పనిలో పెట్టాడు. అంతవరకు తన గురించి తప్ప మరొకరి గురించి ఆలోచించలేదని లీఫ్ చెబుతాడు. నేను ఈ సంగతిని పట్టించుకోవడానికి కారణం ఉంది. మా తమ్ముడు హైదరాబాదులో వ్యసన విముక్తి కేంద్రం నుంచి కోలుకుని వచ్చాక, ఒక సంస్థ ఉద్యోగ పత్రం ఇచ్చి, విషయం తెలియగానే వెనక్కి తీసుకుంది. చేతిలో పని లేనివాడు ఎన్నాళ్ళు నిలబడతాడు? మీలాంటివారు లెక్కలు తీసి తలుపులు మూస్తూ పోతే ఇంకెక్కడికి వెళ్ళాలి?

నల్లరేగడి:
"మీలాంటివారు" అనడానికి మీకు నా గురించి ఏం తెలుసు? మా అమ్మ గుడివాడ నుంచి మా దగ్గరికి వచ్చి ఉండగా మోకాలి శస్త్రచికిత్స జరిగింది. ఒక మధ్యాహ్నం ఆమె నిద్రపోతుండగా, ఎవరో వంటింటి కిటికీ జాలీ కోసి లోపలికి వచ్చి, మంచం పక్కన బల్ల మీది నారింజ రంగు మందుల సీసా పట్టుకుపోయారు. దాని పక్కనే ఆమె విప్పి పెట్టిన గాజులు ఉన్నాయి. వాటిని ముట్టలేదు. మనిషి తన తల దగ్గర నిలబడ్డాడన్న భయంతో ఆమె ఆ తరువాత దీపం ఆర్పి పడుకోలేకపోయింది. ప్రయాణం ముందుకు జరుపుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ అమెరికా రాలేదు. కోలుకున్న వ్యక్తి కథను చప్పట్లు కొట్టి వింటారు. ఆ ఇళ్ళవాళ్ళు ఎలా ఉన్నారని ఏ వేదిక మీదా అడగగా నేను వినలేదు.

సభ్యుడు_ఒమాహా:
2020 మేలో లీఫ్ గృహహింస ఆరోపణపై కాలిఫోర్నియాలోని పామ్ డెజర్ట్‌లో అరెస్టయిన సంగతి కూడా మరవకూడదు.

మైదానం:
అమ్మగారి విషయం విని బాధ కలిగింది, నల్లరేగడి గారూ. మీరు ఇంతసేపూ ఇంటర్‌సెప్షన్‌ల గురించి మాట్లాడుతుంటే ఆట మీద కోపమనుకున్నాను.

పడమటిగాలి:
నల్లరేగడి గారూ, అమ్మగారికి జరిగినది ఎవరికీ జరగకూడదు. అయినా నా మాట మార్చుకోను. లీఫ్ మాట్లాడటం మానేస్తే ఆ ఇళ్ళవాళ్ళకు ఒరిగేదేమీ లేదు, వినవలసిన కుర్రవాళ్ళకు మాత్రం నష్టం. శిక్ష విధించింది కోర్టు, అనుభవించింది అతను.

నల్లరేగడి:
కోర్టు విధించిన శిక్ష తీరింది, ఒప్పుకుంటాను. క్షమించామని చెప్పే హక్కు మాత్రం మీకూ నాకూ ప్రేక్షకులకూ లేదు, కిటికీ పగిలిన ఇంటివాళ్ళకే ఉంది. అతన్ని మాట్లాడనివ్వండి. చప్పట్లు కొట్టమని మాత్రం నన్ను అడగకండి.

పడమటిగాలి:
చప్పట్లు నేను అడగలేదు. పని ఇవ్వమని అడిగాను, మా తమ్ముడికైనా, అతనికైనా.