అప్‌డేట్: బిజినెస్ కోచ్‌కు అంత ఫీజు పెట్టవచ్చా అన్న ప్రశ్న

అమ్మకాలు పెరుగుతున్నా చేతిలో డబ్బు నిలవడం లేదని, 6 నెలల ఫీజు ముందే అడుగుతున్న బిజినెస్ కోచ్‌ను (వ్యాపారం నడపడంలో సలహాలిచ్చే వ్యక్తిని) పెట్టుకోవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఏ నెలకానెల చెల్లించేలా, అదీ నా రంగంలో పనిచేసినవారితో మొదలుపెట్టమన్న సలహాయే పనికివచ్చింది. అలాంటి ఒక కోచ్‌నే పెట్టుకున్నాను. రెండో సమావేశంలోనే ఆయన నా ఇన్‌వాయిస్‌లను (బిల్లులను) తేదీలవారీగా పేర్చి చూపగా, సరుకు ఇచ్చేవారికి నేను 15 రోజుల్లో చెల్లిస్తూ, కొనుగోలుదారుల నుంచి మాత్రం 60 రోజులకు గాని వసూలు చేయడం లేదని తేలింది. సగం అడ్వాన్సు తీసుకోవడం మొదలుపెట్టాక మూడో నెలకు ఇబ్బంది తగ్గింది, ఒప్పందమూ అక్కడితో ఆపాను. ఈ లెక్క మా అకౌంటెంటూ చెప్పగలిగేవారే, నేనే అడగలేదు. కానీ అడ్వాన్సు అడగడానికి నాకున్న మొహమాటాన్ని, ఎదురుగా కూర్చుని ఫోన్ చేయించి మరీ వదిలించింది కోచ్ గారే. కోచ్‌కు సర్టిఫికెట్ ఉండాలా అని మనం చేసిన చర్చ మాత్రం చివరికి అక్కరకు రాలేదు.