రంగులు ఎక్కువైతే గేము పిల్లలదైపోతుందా?

పాతకోట:
నిన్న పాత గేముల చర్చలో ఒకరు "బూడిదరంగు గేములు చేసేవాళ్ళకు ఊహ లేదు, రంగులుంటేనే ఆట" అని రాశారు. ఆ చర్చ మూసేశారు కాబట్టి జవాబు ఇక్కడ రాస్తున్నా. ఊహ లేక కాదు, ఆ కథకు ఆ రంగే కావాలి. దెయ్యాలతో పోరాడే డయాబ్లో గేము మొదటి భాగం ఆడినవాళ్ళకు తెలుసు, చర్చి కింద నేలమాళిగలోకి దిగుతుంటే మన చుట్టూ కాస్త వెలుగు తప్ప అంతా చీకటే. ఆ భయం కోసమే ఆడేవాళ్ళం. 2008లో మూడో భాగం చూపిస్తే పచ్చగడ్డి, రంగురంగుల వెలుగులు, ఒక బొమ్మలో ఏకంగా ఇంద్రధనుస్సు! ఆ రంగులు వద్దని వేలమంది పిటిషన్ మీద సంతకాలు పెట్టారు, నేనూ పెట్టా. ఇప్పుడు పెట్టమన్నా పెడతా. రంగులు పెరిగేకొద్దీ గాంభీర్యం పోతుంది, గేము పిల్లలదైపోతుంది.

నల్లగొండ_నైన్‌టీస్:
కాంట్రా, మారియో ఆడి పెరిగినోళ్ళం అన్నా. రంగు లేకపోతే మాకు ఆడబుద్ధే కాదు.

నీలిమందు:
పాతకోట గారూ, నేను గేము ఆర్ట్ పనిలోనే ఉన్నాను, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా. మీరు చెప్పిన గొడవ నింటెండో వాళ్ళ జెల్డా సాహస గేముల విషయంలో అంతకుముందే జరిగింది. 2000లో నింటెండో ఒక చిన్న డెమో చూపించింది, అందులో హీరో లింక్ నిజం మనిషిలా కత్తి పట్టి పోరాడతాడు. మరుసటేడాది అసలు గేము చూపిస్తే పెద్ద కళ్ళ కార్టూన్ పిల్లాడు! అభిమానులు మండిపడ్డారు. అదే విండ్ వేకర్, 2002 చివర్లో జపాన్‌లో వచ్చింది. ఇప్పుడు దాన్ని తెరిచి చూడండి, సముద్రం, ఇసుక, తెరచాప ఏదీ పాతబడలేదు. అదే రోజుల్లో నిజంలా కనిపించాలని చేసిన ముఖాలు చాలావరకు ఇవాళ మైనపు బొమ్మల్లా ఉన్నాయి.

ఆ గేములో సముద్రం అడుగున మునిగిపోయిన రాజ్యం ఒకటుంది. లింక్ మొదటిసారి అక్కడికి దిగినప్పుడు కాలం ఆగిపోయి ఉంటుంది, కోటంతా నలుపు తెలుపు. కత్తి బయటికి తీయగానే రంగులొస్తాయి, వాటితోపాటు ఆగిపోయిన రాక్షసులకూ కదలిక వస్తుంది. అప్పటిదాకా నీలి సముద్రం మీద తిరిగాం కాబట్టే ఆ నలుపు తెలుపు మనకు తగులుతుంది. మొత్తం బూడిదరంగులో చేసిన గేములో ఈ పని ఎలా చేస్తారు? ఏ రంగు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తీసెయ్యాలో తెలిసినవాళ్ళు చేస్తే గాంభీర్యం దానంతటదే వస్తుంది.

మూడోకన్ను:
నాకు పుట్టుకతోనే కొన్ని రంగుల మధ్య తేడా సరిగా తెలియదు. మగవాళ్ళలో ఇది అరుదేమీ కాదు. రంగులు బాగున్నాయా లేదా అని మీరు వాదిస్తున్నారు, అసలు ఆటే రంగు మీద ఆధారపడితే నాలాంటివాళ్ళ సంగతేంటి? మనలో దాక్కున్న మోసగాణ్ణి ఓట్లతో కనిపెట్టే అమాంగ్ అస్‌లో వైర్లు కలిపే పనికి మొదట్లో రంగులు తప్ప గుర్తులు లేవు, అవి తర్వాత అప్‌డేట్‌లో వచ్చాయి. నీలం, గులాబీ నాకు దాదాపు ఒకటే. నేను ఆలస్యం చేస్తుంటే మావాళ్ళు నన్నే అనుమానించి ఓటేసి బయటికి పంపేవాళ్ళు.

పాతకోట:
నీలిమందు గారూ, జెల్డా సంగతి నేనెత్తలేదు. దెయ్యాల లోకంలో ఇంద్రధనుస్సు ఎందుకో చెప్పండి చాలు.

నీలిమందు:
ఒక్క బొమ్మ పట్టుకుని ఎన్నాళ్ళండీ? మీకు గాంభీర్యంగా కనిపించే ఆ మట్టిరంగు వెనక సంగతి కూడా చూడండి. 1996లో క్వేక్ అనే తుపాకుల గేము వచ్చినప్పుడు తెర మీద మొత్తం 256 రంగులే. ఒక్కో రంగుకూ వెలుగు నుంచి నీడ దాకా మెట్లు కావాలి కాబట్టి మట్టిరంగు లాంటి కొన్ని రంగులనే ఎంచుకుని వాటి ఛాయలు పెట్టుకోవడం తప్పలేదు. తర్వాత యంత్రాలకు లక్షల రంగులు చూపించే శక్తి వచ్చింది. అయినా 2006లో గేర్స్ ఆఫ్ వార్ అనే యుద్ధం గేము హిట్టయ్యాక ఎక్కడ చూసినా శిథిలాలు, బూడిద, మట్టి. అది అలవాటండీ, కథ అడిగింది కాదు.

పాతకోట:
మరి మేం అడిగినదానికి వాళ్ళేం చేశారో తెలుసా? 2012లో ఆ డయాబ్లో మూడో భాగం వచ్చినప్పుడు అందులో ఒక రహస్య లెవెల్ పెట్టారు. నిండా ఇంద్రధనుస్సులు, నవ్వే మబ్బులు, ఒంటికొమ్ము గుర్రాలు. డబ్బు పెట్టి కొనేవాడు ఒక మాట అడిగితే వెక్కిరించారు. ఇన్నేళ్ళయినా నాకది మండుతూనే ఉంది.

డల్లాస్_బావ:
ఆ లెవెల్ నాకు నచ్చింది బాసూ. రాక్షసులను చంపితే దొరికే లూట్ కూడా బాగానే వచ్చేది.

నీలిమందు:
మీకు మండితే మాకూ మండుతుంది. నేను ఒక బజారు వీధి వేశాను, పసుపు కుంకుమ రాశులు, చీరల దుకాణం, సాయంకాలం ఎండ. "రియలిస్టిక్‌గా లేదు" అని రంగంతా లాగేసి బూడిద చేసి పంపమన్నారు. సాయంకాలం బజారు అలా ఉంటుందా? రోజూ చూసే రంగు నిజం కాదంటారేంటి? మన దగ్గర చేర్యాల పటాలు చూడండి, వెనకంతా ముద్ద ఎరుపు. ఆ పటం విప్పి కులపురాణం చెప్తుంటే రాత్రంతా కూర్చుని వినేది పెద్దవాళ్ళే. రంగులంటే పిల్లలవి అనే లెక్క ఎక్కడ నేర్చుకున్నారండీ? పెద్దవాళ్ళ ఆట ఆడుతున్నామని పక్కవాళ్ళకు చూపించుకోవడానికే మీకు ఆ చీకటి కావాలి. ఇది కోపంతోనే రాస్తున్నా.

మూడోకన్ను:
నేనడిగినదానికి ఎవరూ జవాబివ్వలేదు.

పాతకోట:
పక్కవాళ్ళకు చూపించుకోవాల్సిన అవసరం నాకు లేదు. విషయం చెప్తా వినండి. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఒక మొబైల్ గేము, పేరు చెప్పను. వాళ్ళమ్మ ఫోన్‌లోంచి యూపీఐతో స్కూలు ఫీజు డబ్బు పెట్టి గులాబీరంగు రెక్కలు, మెరిసే తుపాకి కొన్నాడు. ఆ రెక్కలతో వాడు ఎగరలేడు, ఆ తుపాకితో గుండు గట్టిగా తగలదు. వట్టి రంగు! తెర తెరవగానే బంగారు వెలుగులు, పేలే నక్షత్రాలు, ఇవాళే ఆఖరని ఎర్ర అక్షరాలు. నేను ఆడిన రోజుల్లో డబ్బా ఒకసారి కొంటే అంతే, లోపల ఎవరూ ఏమీ అమ్మేవారు కాదు. ఆ రెక్కలకు రంగు వేసింది కూడా మీలాంటి ఆర్టిస్టే కదా?

నల్లగొండ_నైన్‌టీస్:
అన్నా, ఇది ముందే చెప్పాల్సింది. డయాబ్లో కంటే ఇదే పెద్ద విషయం.

నీలిమందు:
అవును, వేసింది నాలాంటివాళ్ళే. ఏది ఎంత మెరవాలో అమ్మేవాళ్ళు చెప్తారు, మేం వేస్తాం. మీ అబ్బాయి విషయంలో మీ కోపం న్యాయం, కానీ దాన్ని రంగు మీద చూపిస్తున్నారు. రెండు జట్లు కాల్చుకునే టీమ్ ఫోర్ట్రెస్ 2 గేము గుర్తు తెచ్చుకోండి. 2007లో వచ్చినప్పుడు ఎర్ర జట్టు స్థావరానికి వెచ్చని రంగులు, పాత చెక్క గోడలు. నీలి జట్టుకు చల్లని రంగులు, ఇనుము, కాంక్రీటు. ఎక్కడున్నామో తల తిప్పగానే తెలుస్తుంది. మనుషుల ఆకారాలు కూడా దూరం నుంచే పోల్చుకునేలా గీశారు, లావాటివాడు వేరు, బక్కవాడు వేరు. మూడోకన్ను గారూ, మీ ప్రశ్నకు జవాబు కూడా ఇదే, రంగుతోపాటు ఆకారం కూడా అదే మాట చెప్పాలి. ఆ శ్రద్ధంతా ఆడేవాడి కోసం. 2009లో పాత్రలకు పెట్టే టోపీలు వచ్చాయి, 2010లో అదే గేములో దుకాణం తెరిచారు. రానురాను అంత జాగ్రత్తగా గీసిన ఆకారాల మీద మెరుపులూ టోపీలూ పేరుకుపోయాయి. అంటే మంచి రంగుల గేమును కూడా దుకాణమే పాడు చేసింది. మీరు తిట్టాల్సింది దాన్ని.

మూడోకన్ను:
థాంక్స్ అండీ. అందుకే కాబోలు ఆ గేము నాకు ఇబ్బంది లేకుండా నడిచింది. రంగు సిరా చల్లుకుంటూ జట్లు పోటీపడే స్ప్లటూన్‌లో కూడా కలర్ లాక్ అని ఉంది, పెట్టుకుంటే జట్ల రంగులు మారకుండా తేడా తెలిసేవే ఉంటాయి. గేమంతా రంగే అయినా ఆడగలుగుతున్నా.

పాతకోట:
దుకాణం వేరు, రంగు వేరు అని మీరు పని చేసే చోటునుంచి చెప్తున్నారు. ఇంట్లో కూర్చున్న నాకు ఆ రెండూ ఒకే తెర మీద కలిసే వస్తున్నాయి, పదమూడేళ్ళవాడికి ఎలా విడదీసి చూపించను? చూపించగలిగినరోజు మీ మాట ఒప్పుకుంటా. సరే, ఒకసారి కొన్నాక మళ్ళీ డబ్బు అడగని రంగుల గేము ఒకటి చెప్పండి. వాడి పక్కన కూర్చుని ఆడతా.

నల్లగొండ_నైన్‌టీస్:
రాజీ అనే గేము ఆడించండి అన్నా. 2020లో వచ్చింది, పుణేవాళ్ళు చేశారు. తమ్ముణ్ణి ఎత్తుకుపోతే అక్క వెతుక్కుంటూ వెళ్తుంది, మధ్యమధ్యలో కథ తోలుబొమ్మల నీడల్లో నడుస్తుంది. కోటలు, గోడల మీద బొమ్మలు చూస్తే ఆగిపోతారు.

పాతకోట:
మా పీసీలో గ్రాఫిక్స్ కార్డు పాతది. నడుస్తుందా?

నల్లగొండ_నైన్‌టీస్:
మొదట నింటెండో వాళ్ళ చిన్న గేము యంత్రం స్విచ్‌లోనే వచ్చిన గేము, మరీ పెద్ద కార్డు అడగదనుకుంటా. నెట్ మీద పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో కొంటే, కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆదివారం పెట్టి చూడండి.