చర్చ: ఇంజురీ, హర్ట్, ఊండ్... అన్నిటికీ ‘గాయం’ అని రాసెయ్యొచ్చా?

లేఖరి: కోర్టు కాగితాలు తెలుగు చేసేటప్పుడు ఈ మూడింటికీ ‘గాయం’ అనే పడుతోంది. తేడా ఉందా? ఇంజురీ ఎక్కణ్ణుంచి వచ్చింది?

పాతనిఘంటువు: ఇంజురీ పుట్టుకలో నెత్తురే లేదండీ. లాటిన్‌లో ‘యూస్’ అంటే న్యాయం, హక్కు. దానికి ముందు ‘ఇన్’ చేరి ‘ఇనియూరియా’ అయింది, అంటే అన్యాయం. ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి దిగింది. ఒంటికి తగిలిన దెబ్బ అనే అర్థం తర్వాత బలపడిందే. నేటి ఫ్రెంచిలో ‘ఇంజ్యూర్’ అంటే తిట్టు! జ్యూరీ, జస్టిస్ కూడా ఈ ‘యూస్’ సంతానమే.

రోమాపురి: క్రీ.పూ. 450 నాటి రోమన్ పన్నెండు పలకల చట్టంలో స్వతంత్రుడి ఎముక విరిస్తే జరిమానా 300 ఆస్‌లు (ఆస్ అంటే రోమన్ నాణెం), బానిసదైతే 150. చిన్నపాటి ఇనియూరియాకి 25. కాలక్రమంలో నాణెం విలువ పడిపోయింది. లూసియస్ వెరాటియస్ అనేవాడు దారిన పోయేవాళ్ల చెంపలు వాయిస్తూ నడిస్తే, వెనకాల బానిస సంచీలోంచి తలా 25 లెక్కపెట్టి ఇచ్చేవాడట. అందుకే ప్రేటర్లు (న్యాయవ్యవహారాలు చూసే రోమన్ అధికారులు) ఆ స్థిరమైన రేటు వదిలేసి, కేసును బట్టి పరిహారం తేల్చే పద్ధతి పెట్టారు.

ప్లీడరు గుమాస్తా: మన చట్టంలో ఆ పాత అర్థమే బతికుంది. ఐపీసీ (పాత శిక్షాస్మృతి) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 2(14) ప్రకారం ఇంజురీ అంటే శరీరానికి, మనసుకు, పరువుకు, ఆస్తికి చట్టవిరుద్ధంగా చేసిన ఏ హాని అయినా. హర్ట్ ఒంటికే పరిమితం: నొప్పి, జబ్బు, అశక్తత (సెక్షన్ 114). ఎక్కువ తప్పులు జరిగేది బెదిరింపు కేసుల్లో, అంటే సెక్షన్ 351లో. ‘పరువుకు ఇంజురీ’ని ‘పరువుకు గాయం’ అని రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది గానీ, ఒంటరిగా ఉన్న ‘ఇంజురీ’ని ‘గాయపరుస్తానన్నాడు’ అని రాస్తే కేసు రూపమే మారిపోతుంది. ‘హాని’ అనండి.

లేఖరి: మరి గ్రీవస్ హర్ట్?

ప్లీడరు గుమాస్తా: ‘తీవ్రమైన గాయం’ నడుస్తుంది. సెక్షన్ 116లో ఎనిమిది రకాలున్నాయి. పన్ను విరిగినా అందులోకే వస్తుంది. తీవ్రమైన నొప్పితో గానీ, రోజువారీ పనులు చేసుకోలేకుండా గానీ గడిపిన కాలం పాత ఐపీసీలో 20 రోజులుండేది, ఇప్పుడు 15. సంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు జరిగిన నేరమైతే పాత లెక్కే.

పాతనిఘంటువు: హర్ట్ పాత ఫ్రెంచిలో ‘గుద్దుకోవడం’. ఊండ్ మాత్రం అచ్చ ఇంగ్లీషు. చుట్టడం అనే క్రియకు భూతకాలం కూడా అదే స్పెల్లింగు, కానీ పలికేది ‘వౌండ్’.

ఓపీ చీటీ: ఆసుపత్రి ఊండ్ సర్టిఫికెట్లో అయితే ‘గాయం’ సరైనదే. కానీ దాని రకాన్ని కలిపెయ్యకండి: అబ్రేషన్ చర్మం గీరుకుపోవడం, కంట్యూజన్ కమిలిన దెబ్బ, ల్యాసరేషన్ మొద్దు వస్తువు తగిలి చిట్లినది, ఇన్‌సైజ్డ్ పదునైన దానితో తెగినది. ల్యాసరేషన్‌ని ‘కోత’ అని రాస్తే కర్ర కాస్తా కత్తి అయిపోతుంది. డిఫెన్సు లాయరు మొదట పట్టుకునేది దాన్నే.